బెంగళూరులో పిల్లల నాటకం: దివ్యాంగులైన ప్రేక్షకుల కోసం ఏర్పాట్లు చేయడం ఎలా

బెంగళూరులో పిల్లల నాటకాలు వేసే తెలుగు సంఘాల్లో చాలావాటికి సొంత వేదిక లేదు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరమో, ఏదైనా పాఠశాల సభామందిరమో, అపార్టుమెంటు క్లబ్‌హౌసో ఒక పూటకు అద్దెకు తీసుకొని, ఉదయం సామగ్రి దింపి, రాత్రికి ఖాళీ చేసి వెళ్లవలసిందే. గోడలు, మెట్లు, మరుగుదొడ్లు మన చేతిలో ఉండవు. అయినా చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడు, చూపు లేని అమ్మాయి, ఆటిజం ఉన్న చిన్నారి తక్కిన పిల్లలతో పాటు నాటకం చూసి ఆనందించేందుకు నిర్వాహకులు చేయగలిగినది చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం ప్రదర్శన రోజుకు ముందే చేయాలి, ఎందుకంటే రావాలా వద్దా అన్న నిర్ణయం హాలు గుమ్మం దగ్గర కాదు, ఇంట్లోనే జరిగిపోతుంది. వివరాలు తెలియని కుటుంబం రాదు. ఎందుకు రాలేదో మనకు చెప్పదు కూడా. అందుచేత ఇక్కడ ముందస్తు సమాచారానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చట్టం సంగతి క్లుప్తంగా తెలుసుకొని ఉండడం మంచిది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సాంస్కృతిక జీవితంలోనూ వినోదంలోనూ అందరితో సమానంగా పాల్గొనే హక్కును 29వ సెక్షన్ పేర్కొంటే, 46వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలతో పాటు ప్రైవేటుగా సేవలందించేవారినీ బాధ్యుల్ని చేసింది. సౌకర్యాల ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు రూపొందించాలని 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరీ కేసులో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కాబట్టి హాలు మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఏదో ఉపకారం కోరుతున్నట్లు నసుగుతూ అడగవలసిన పని లేదు.

హాలును కొలవడం

అడ్వాన్సు చెల్లించకముందే కొలత టేపు, ఫోను, వీలైతే అరువు తెచ్చుకున్న ఒక చక్రాల కుర్చీ తీసుకొని హాలుకు వెళ్లండి. ఆటో దిగే చోటి నుంచి గేటు, గేటు నుంచి టికెట్ బల్ల, అక్కడి నుంచి సీటు, సీటు నుంచి మరుగుదొడ్డి, తిరిగి రోడ్డు దాకా ఆ కుర్చీని తోసుకుంటూ నడవండి. నడిచేవారి కాలికి తెలియని రెండంగుళాల గడప, కాలువ మీద జాలీ, గులకరాళ్ల బాట అప్పుడే కనిపిస్తాయి. ప్రతి అడ్డంకినీ కొలిచి, ఫొటో తీసి, రాసుకోండి.

గుర్తుంచుకోవలసిన కొలతలు కొన్నే. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే ఒక్కొక్క అంగుళం ఎత్తుకు కనీసం ఒక అడుగు పొడవు కావాలి. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు అవసరమని తెలిస్తే, రెండడుగుల చెక్కపలక వాల్చి పని అయిందనిపించడం ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. తలుపు తెరిచినప్పుడు దారి సుమారు 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు ఉండాలి. కుర్చీ వెనక్కి తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ స్థలం కావాలి. లిఫ్టు ఉన్న చోట, కరెంటు పోతే అది జనరేటరు మీద నడుస్తుందో లేదో అడగండి. వేదిక దీపాలకు మాత్రమే జనరేటరు కలిపి, లిఫ్టును వదిలేసే హాళ్లు ఉంటాయి.

మరుగుదొడ్డిని మాత్రం స్వయంగా తెరిచి చూడండి. ప్రత్యేకంగా కట్టినదే అయినా అందులో చీపుళ్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు దాచి తాళం వేసే అలవాటు ఈ నగరంలో కొత్తది కాదు. పట్టుకునే కమ్మీలు గట్టిగా ఉన్నాయా, తలుపు బయటికి తెరుచుకుంటుందా, కుర్చీ పక్కకు చేరే చోటు ఉందా చూడాలి. ఇంకొక విషయం ఎవరూ అడగరు. పదేళ్లు దాటిన కొందరు పిల్లలకు కూడా డైపరు మార్చవలసి ఉంటుంది, అంత ఎదిగిన పిల్లవాణ్ణి పసిబిడ్డల బల్ల మీద పడుకోబెట్టడం సాధ్యం కాదు కనుక తల్లులు తడి నేల మీదే మార్చుతారు. గ్రీన్ రూమ్‌లలో ఒకదానిని దీనికి కేటాయించి, గట్టి బల్ల, ఉతికిన దుప్పటి, చెత్తబుట్ట, లోపలి గొళ్లెం ఏర్పాటు చేస్తే ఖర్చు దాదాపు ఉండదు.

మెట్ల విషయంలో హాలు సిబ్బంది నుంచి తరచుగా వచ్చే జవాబు, నలుగురం కలిసి ఎత్తి పెడతామన్నది. 'స్వల్ప అడ్జస్ట్ మాడి' (కాస్త సర్దుకోండి) అన్న బెంగళూరు మంత్రం బస్సు సీటుకు పనికి వస్తుంది గాని దీనికి పనికి రాదు. మోటారు కుర్చీ ఒక్కటే యాభై కిలోలకు పైగా ఉండవచ్చు. పట్టు జారితే గాయపడేది అందులో కూర్చున్న పిల్లవాడు. పైగా అంతమంది ముందు తనను మూటలా ఎత్తడాన్ని ఏ పన్నెండేళ్ల పిల్లా ఇష్టపడదు. మడత ర్యాంపు అద్దెకు గాని అరువుకు గాని దొరుకుతుందేమో వాకబు చేయండి. అదీ కుదరకపోతే మరో హాలు చూడడమే ఉత్తమం.

ఇంటికి ముందుగా చేరవలసిన సమాచారం

పోస్టరు మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసి ఊరుకోవడం కంటే, ఉన్నది ఉన్నట్లు చెప్పే ఒక పేజీ ఎక్కువ ఉపయోగపడుతుంది. గేటు దగ్గర మెట్లు ఎన్ని, ర్యాంపు ఏ వైపు, మరుగుదొడ్డి ఏ అంతస్తులో, హాలులో ఏసీ ఉందా ఫ్యాన్లా, నాటకం ఎన్ని నిమిషాలు, విరామం ఉందా, మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ రావచ్చా అన్నవన్నీ అందులో ఉండాలి. లోపాలను దాచవద్దు. 'మరుగుదొడ్డి గుమ్మం దగ్గర మూడంగుళాల గడప ఉంది' అని రాస్తే వచ్చే కుటుంబం సిద్ధపడి వస్తుంది. 'అన్ని సౌకర్యాలూ ఉన్నాయి' అని రాస్తే అదే గడప వారిని వెనక్కి పంపుతుంది.

ఆ పేజీలో ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు, తెలుగు, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో దేనిలో మాట్లాడవచ్చో తెలపండి. ఫోను ఎత్తే వ్యక్తి హాలును స్వయంగా చూసినవారై ఉండాలి. వినికిడి లేని తల్లిదండ్రులు ఫోన్ చేయలేరు కనుక వాట్సాప్ సందేశం ద్వారా కూడా అడిగే వీలు కల్పించండి. చూపు లేనివారు ఫోను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో చదువుకుంటారు; పోస్టరు బొమ్మ ఒక్కటే పంపితే అందులోని అక్షరాలు వారికి సరిగా అందకపోవచ్చు. కాబట్టి అదే విషయాన్ని విడిగా టైపు చేసి కూడా పంపాలి.

ఆటిజం ఉన్న పిల్లలకు, కొత్త చోటంటే బెదిరిపోయే మరికొందరికి, ఫొటోలతో కూడిన చిన్న కథ చాలా మేలు చేస్తుంది. 'ఇది హాలు గేటు. ఇక్కడ ఒక అక్క నా టికెట్ చూస్తుంది. గంట మూడుసార్లు మోగుతుంది. మూడో గంట తర్వాత దీపాలు కొంచెం తగ్గుతాయి. నాకు ఇబ్బందిగా ఉంటే అమ్మతో బయటికి వెళ్లవచ్చు' అన్నట్లు పిల్లవాడి నోటితోనే చెప్పించే పొట్టి వాక్యాలు, ఒక్కొక్క వాక్యానికి ఆ హాలులోనే తీసిన ఒక ఫొటో ఉంటే చాలు. దీనిని వారం ముందు పంపితే ఇంట్లో రోజూ చూపించి అలవాటు చేస్తారు. ఇంగ్లీషు బడుల్లో చదివే మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడినంత సులువుగా చదవలేరు గనుక, అదే కథను ఇంగ్లీషులోనూ తయారుచేయడం నయం.

టికెట్లు, కూర్చునే చోటు

చక్రాల కుర్చీకి సుమారు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల చదునైన స్థలం కావాలి. నడిచే దారిలో కుర్చీని నిలబెట్టడం అగ్ని ప్రమాద సమయంలో అందరికీ అడ్డవుతుంది. మొదటి వరుసకు ముందు నిలబెడితే గంటసేపు మెడ ఎత్తి చూడవలసి వస్తుంది. హాలులో కుర్చీలు విడివిడిగా ఉంటే మధ్య వరుసల చివర రెండింటిని తీసేయడం మేలు. అమ్మ, నాన్న, తమ్ముడు పక్కనే కూర్చునేటట్లు చూడండి. కుటుంబాన్ని విడదీసి ఒకరినే తోడు ఉంచడం సర్వసాధారణమైన పొరపాటు. తోడు వచ్చేవారికి టికెట్ లేకుండా ప్రవేశం కల్పించడం న్యాయం. గుమ్మం దగ్గర వైకల్య ధ్రువపత్రం గాని, యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు) గాని చూపమని అడగవద్దు. నాటకం చూసేందుకు రుజువు కోరడం అవమానం, అబద్ధమాడి వచ్చేవారి వల్ల జరిగే నష్టం అతి స్వల్పం.

ప్రేక్షకులంటే పిల్లలే అని అనుకోకూడదు. మనవరాలి నాటకం చూడవచ్చే మోకాళ్ల నొప్పుల అమ్మమ్మకు చేతులున్న కుర్చీ కావాలి, చూపు లేని తండ్రి చూపున్న కొడుకును వెంటబెట్టుకొని వస్తాడు. బుకింగ్ ఫారంలో 'మీ కుటుంబంలో ఎవరికైనా ఏదైనా ఏర్పాటు కావాలా' అన్న ఒక్క గడి ఉంచి, వచ్చిన ప్రతి జవాబుకూ తిరిగి ఫోన్ చేయండి.

శబ్దం, వెలుతురు, కదలిక

పిల్లలు లేచి తిరిగినా, కేకలు వేసినా, మధ్యలో బయటికి వెళ్లినా ఎవరూ కసరని ప్రదర్శనలను ఇతర దేశాల్లో ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తున్నారు. న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆటిజం ఉన్న ప్రేక్షకులకు అనువుగా మొదటి ప్రదర్శన 2011 అక్టోబరులో జరిగింది. మనం రెండు ఆటలు వేస్తున్నట్లయితే అందులో ఒకదానిని ఇలా ప్రకటించవచ్చు. ఒక్క ఆటే అయితే, పిల్లల నాటకం కాబట్టి దానినే ఇలా వేయడం సమంజసమని నా అభిప్రాయం. జేపీ నగర్‌లోని రంగ శంకరలో ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి రానివ్వరన్న సంగతి నగరంలోని నాటకప్రియులందరికీ తెలుసు, ఆ క్రమశిక్షణ వల్ల మామూలు ప్రదర్శనలకు మేలే జరిగింది. అయితే ఇటువంటి ప్రదర్శనకు దానిని యథాతథంగా అరువు తెచ్చుకోకూడదు. తలుపు తెరిచే ఉండాలి.

హాలు దీపాలను పూర్తిగా ఆర్పకుండా, పక్కవారి ముఖం కనిపించేంత వెలుతురు ఉంచండి. స్పీకర్ల శబ్దం తగ్గించండి. ముఖ్యంగా హఠాత్తుగా పెరిగే శబ్దాలను గుర్తించండి. నాటకంలో భయపెట్టే ఘట్టాలను తీసివేయనక్కరలేదు, ముందుగా చెప్తే చాలు. ప్రహ్లాదుడి కథనే తీసుకోండి. చీకటి, టపాకాయ మోత, ఎర్రని వెలుగు, స్తంభం బద్దలై నరసింహుడు ఒక్కసారిగా దూకడం అన్నీ ఒక్క క్షణంలో వస్తే కొందరు పిల్లలు ఆ తర్వాతి నాటకాన్ని చూడలేరు. దానికి బదులు, నాటకం మొదలయ్యే ముందు నరసింహుడి పాత్రధారి మామూలు బట్టల్లో వేదిక మీదికి వచ్చి, తన పేరు చెప్పి, పిల్లల ఎదుటే ముసుగు తొడుక్కొని తీసి, 'స్తంభం దగ్గర పెద్ద చప్పుడు అవుతుంది, అప్పుడు వచ్చేది నేనే' అని చెప్తే కథ రుచి ఏమీ తగ్గదు. మన జానపద రంగస్థలంలో పాత్ర ప్రవేశించగానే తన్ను తాను పరిచయం చేసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే.

సెకనుకు మూడుసార్లకు మించి మినుకుమనే దీపాలు కొందరిలో మూర్ఛ రప్పించగలవు; వాటిని వాడకపోవడమే క్షేమం. పొగ యంత్రం ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది కలిగిస్తుంది కనుక, తప్పనిసరైతే సమాచార పేజీలో తెలపండి. హాలు పక్కన ఒక గదిలో చాపలు, దిండ్లు వేసి, ఫ్యాను, మసక వెలుతురు తప్ప మరేమీ లేకుండా ఉంచి, అలసిన పిల్లలు కాసేపు గడిపి తిరిగి వచ్చే ఏర్పాటు చేయండి. ఆ గదిలో బంధువుల టిఫిన్ డబ్బాలు పెట్టనివ్వకుండా చూడడమే అసలు కష్టం.

చూపు లేని పిల్లలకు, వినికిడి లేని పిల్లలకు

తోలుబొమ్మలాటను ఉదాహరణగా తీసుకొని చెప్తాను, ఎందుకంటే అందులో సౌలభ్యమూ ఉంది, చిక్కూ ఉంది. శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. బెంగళూరుకు ఆ ప్రాంతం దూరం కాదు, బొమ్మలు రప్పించడం సాధ్యమే. చూపు లేని పిల్లలను ప్రదర్శనకు అరగంట ముందు తెర వెనుకకు తీసుకువెళ్లి బొమ్మలను తడిమి చూడనివ్వండి. కీళ్ల దగ్గర దారం, అంచుల్లో తొలిచిన చిల్లులు, ఆడించే పుల్ల వేళ్లకు తెలుస్తాయి. బొమ్మను చేతికి ఇస్తున్నప్పుడే ఆ బొమ్మకు గొంతు ఇచ్చేవారు అదే గొంతులో మాట్లాడితే, ఆట సాగుతున్నంతసేపూ తోలుబొమ్మలాటలోని హాస్యపాత్రల్లో ఎవరు కేతిగాడో ఎవరు బంగారక్కో పిల్లలు పోల్చుకోగలుగుతారు. దృశ్యాన్ని వర్ణించడానికి ఖరీదైన హెడ్‌ఫోన్లు లేకపోయినా సూత్రధారుడి మాటల్లోనే దానిని ఇమిడ్చవచ్చు. మాట లేకుండా సాగే ఘట్టాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రిహార్సల్‌లో కళ్లు మూసుకొని వింటే తెలుస్తుంది. అక్కడ ఒక వాక్యం చేర్చండి. బుర్రకథలో ఈ సమస్య తక్కువ, కథకుడి మాట, పాట, వంతలు కలిసి కథను దాదాపు మొత్తం చెవికే అందిస్తారు.

వినికిడి లేని పిల్లల విషయంలో మొదట అడిగి తెలుసుకోవాలి. కొందరు భారతీయ సంజ్ఞా భాషలో మాట్లాడుకుంటారు. కొందరు కాక్లియర్ ఇంప్లాంటుతోనో (శస్త్రచికిత్సతో చెవి లోపల అమర్చే పరికరం) వినికిడి యంత్రంతోనో, పెదవుల కదలికను చూసో మాటలు గ్రహిస్తారు, వారికి సైగలు రావు. సంజ్ఞా భాషా వ్యాఖ్యాతను పిలిచేటప్పుడు బెంగళూరులో ఒక చిక్కు ఉంది. వ్యాఖ్యాతకు కన్నడ, ఇంగ్లీషు వచ్చి తెలుగు రాకపోవచ్చు, అటువంటప్పుడు తెలుగు నాటకం విని వెంటనే సైగల్లో చెప్పడం వారికి అసాధ్యం. కనీసం రెండు వారాల ముందే నాటక ప్రతిని వారికి వచ్చిన భాషలో అర్థంతో సహా ఇచ్చి, ఒక రిహార్సల్‌కు పిలవండి. పాత్రల పేర్లకు ఏ సైగలు వాడాలో అక్కడే నిర్ణయించుకుంటారు. నాటకం గంటకు మించితే ఇద్దరు వ్యాఖ్యాతలు కావాలి; చేతులూ మనసూ అలసిపోతాయి. వారి ఫీజు ముందే మాట్లాడుకోండి, సేవ పేరిట ఉచితంగా అడగవద్దు.

ఇక తోలుబొమ్మలాటలోని చిక్కు ఇదే. తెర వెనుక దీపం వెలగాలి, తెర ముందు చీకటి ఉండాలి. వ్యాఖ్యాత చేతులు కనబడాలంటే తెర ముందు వెలుతురు కావాలి. వ్యాఖ్యాతను తెరకు నాలుగైదడుగుల పక్కగా నిలిపి, పైనుంచి రేకు కప్పిన చిన్న దీపాన్ని వారి మీదికే వంచి, వెలుగు తెర మీద పడకుండా చూడడం ఒక పద్ధతి. ఒక్కొక్క ఘట్టానికి ముందు కథను సైగల్లో చెప్పించి, తర్వాత బొమ్మలను ఆడించడం మరొక పద్ధతి. అప్పుడు పిల్లలు ఒకేసారి రెండు చోట్ల చూడవలసిన అవసరం ఉండదు. నాకు రెండవదే మెరుగనిపిస్తుంది. ఏ పద్ధతైనా వ్యాఖ్యాత నిలబడిన వైపునే, ముందు వరుసల్లో, ఆ పిల్లలకు సీట్లు ఇవ్వాలి.

వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి నటుల మాట మైకు ద్వారా స్పష్టంగా చేరడం ముఖ్యం. ఏసీ హోరుకు, స్పీకరుకు దూరంగా, నటుల ముఖాలు కనిపించే చోట కూర్చోబెట్టండి. మైకు ధ్వనిని నేరుగా వినికిడి యంత్రానికి చేర్చే తీగ చుట్టు, అంటే ఇండక్షన్ లూప్, అమర్చిన హాలైతే, యంత్రాన్ని ఆ ధ్వనిని అందుకునే 'టీ' స్థానానికి మార్చుకోవచ్చని బోర్డు పెట్టండి. చదవగలిగిన పిల్లల కోసం సంభాషణలను పక్క తెర మీద చూపదలిస్తే పొట్టి వాక్యాలుగా, పెద్ద అక్షరాలతో చూపాలి. ఆ పిల్లలు బడిలో చదివే భాష కన్నడమో ఇంగ్లీషో అయితే తెలుగు అక్షరాలు వారికి ఉపయోగపడవని మరచిపోవద్దు.

ప్రదర్శన రోజు

గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డులు, శుభ్రపరిచే సిబ్బంది మన కార్యకర్తలు కారు, వారితో కన్నడంలోనో హిందీలోనో మాట్లాడవలసి ఉంటుంది. చక్రాల కుర్చీ ఉన్న కారును ద్వారం దాకా రానివ్వాలని, ప్రత్యేక మరుగుదొడ్డి తాళం తీసి ఉంచాలని ఉదయమే చెప్పి, మధ్యాహ్నం మళ్లీ గుర్తుచేయండి. సాయంత్రపు వానలు, రద్దీ ఉన్న నెలల్లో ఉదయం 11 గంటల ఆట కుటుంబాలకు సుఖంగా ఉంటుంది.

కార్యకర్తలకు నేర్పవలసినవి కొన్నే ఉన్నాయి. అడగకుండా కుర్చీని తోయకూడదు. చూపు లేనివారి చేయి పట్టి లాగకుండా, తమ మోచేతిని అందించాలి. పిల్లవాడి గురించి తల్లిని అడగడం కంటే పిల్లవాణ్ణే పలకరించాలి. అగ్ని ప్రమాదం జరిగితే లిఫ్టు వాడకూడదు కనుక, ఏ కుర్చీ దగ్గరికి ఏ ఇద్దరు వెళ్లాలో, ఏ తలుపు నుంచి బయటికి తీసుకువెళ్లాలో పేర్లతో సహా రాసి ఉంచుకోవాలి. వినికిడి లేనివారికి అలారం వినబడదు. వారి వరుస దగ్గర కూడా ఒక మనిషి ఉండాలి.

తల్లిదండ్రులకు

హాలుకు ఫోన్ చేసినప్పుడు ర్యాంపు ఉందా అని అడిగితే ఉందనే చెప్తారు. రోడ్డు నుంచి సీటు దాకా మొత్తం ఎన్ని మెట్లు, ఎక్కడెక్కడ అని అడగండి, ఫొటో పంపమనండి. నాటకం మధ్యలో బయటికి వెళ్తే మళ్లీ రానిస్తారా, మీ పిల్లలు శబ్దం చేస్తే ఇబ్బంది లేదా అన్నది నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా, వాట్సాప్‌లోనైనా సరే, తీసుకోండి. చెప్పిన సౌకర్యం లేక వెనుదిరగవలసి వస్తే టికెట్ డబ్బు తిరిగి అడగండి. హాలు యాజమాన్యం పదే పదే నిర్లక్ష్యం చేస్తే, ఆ సందేశాలు, ఫొటోలు జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. కర్ణాటక కమిషనరు కార్యాలయం బెంగళూరులోనే ఉంది.

నిర్వాహకులు మాత్రం ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, నాటకం ముగిసిన రెండు మూడు రోజుల్లో ఏర్పాట్లు కోరిన ప్రతి కుటుంబానికీ ఫోన్ చేయాలి. బుక్ చేసుకొని రాలేకపోయినవారికి ముందుగా చేయాలి. వారు చెప్పినవాటిని ఆ హాలు కొలతల కాగితానికే చేర్చి భద్రపరచండి. అదే హాలును అద్దెకు తీసుకోబోయే ఇంకో సంఘం అడిగితే ఆ కాగితాన్ని ఇవ్వండి.